మళ్ళీ వేయని ప్యాకేజీ

మూడో అంతస్తు, వెనక గది
సోమవారం

అక్కా,

నువ్వు క్షేమమని తలుస్తాను. తలవడం తప్ప చేయగలిగిందేముంది? అక్కడ ఫోన్ మోగకూడదు, వైఫై ఉండకూడదు. నక్షత్రాలు రేడియో తరంగాల్లో ఏదో గొణిగితే వినడానికి చుట్టుపక్కల వాళ్ళంతా నోరు మూసుకోవాలి. గొడుగు తిరగేసినట్టుండే ఆ పెద్ద యాంటెన్నా కింద కేబుళ్ళు చూసుకునే ఉద్యోగం నీకే దొరకడం వింత. బిల్డింగు మొత్తానికి నెట్ తెచ్చిన మనిషివి, నెట్ ఊసెత్తితే కళ్ళెర్రజేసే కొండెక్కి కూర్చున్నావు. వారానికి రెండుసార్లు ఉత్తరాలు మోసే ఆ జీపే మనకిక దిక్కు.

అసలు సంగతికి వస్తాను. మన రౌటర్‌కి నలతగా ఉంది. నేనేం చేయలేదు, దానంతటదే అలా అయింది. వైఫై పేరు కనిపిస్తోంది, పాత పాస్‌వర్డే తీసుకుంటోంది, ఎనిమిది ఇళ్ళ పేర్లూ ఎక్కడివక్కడే ఉన్నాయి. నెట్ మాత్రం రాదు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే.

నెట్ లేకపోతే పోయింది, నాలుగు రోజులు ఒకరి మొహాలొకరం చూసుకుంటాం. నా బాధ అది కాదు. అట్టలక్క దీపం వెలగడం లేదు. పాప ఉయ్యాల దగ్గర నువ్వు పెట్టిన మైకు అలాగే ఉంది, ఆవిడ పుస్తకాలకు అట్టలు వేసుకునే బల్ల మీద దీపమూ అలాగే ఉంది. పాప ఏడిస్తే మైకు రౌటర్‌కి చెప్పాలి, రౌటర్ దీపానికి చెప్పాలి. ఆ మధ్యలో చెప్పేది చెప్పడం మానేసింది. చెవులు వినిపించని తల్లికి పిల్ల ఏడుపు ఎలా తెలుస్తుంది? వాళ్ళాయన బస్సు డ్యూటీకి వెళ్ళిన రోజున, పుస్తకాలు కుట్టే దారం ఒక కొస పాప కాలికి, రెండో కొస తన మణికట్టుకు కట్టుకుని పడుకుంటోంది. నిన్న చూశాను. దారం ఒరుసుకుని చెయ్యి ఎర్రగా కందిపోయింది.

మామయ్యకు ఇదే అదను. బిల్డింగు సెక్రటరీ హోదాలో మెట్ల దగ్గర నిలబడి, "మీ అక్క పెట్టె పని అయిపోయిందే. నెలాఖరు మీటింగులో అందరిచేతా చేతులెత్తించి కంపెనీ పెట్టె పెట్టించేస్తా" అన్నాడు. ఆ పెట్టెకు తాళం కంపెనీ వాళ్ళది. మనం అందులో కొత్తది ఏదీ వేసుకోలేం. మరి దీపం సంగతేమిటి మామయ్యా అంటే, "ఏముంది, దారం అలవాటవుతుంది" అన్నాడు. దారం అలవాటవుతుందట!

రెండు రోజులు సెలవు పెట్టి రా. పెట్టె బాగు చేసి, మామయ్యకు నాలుగు చివాట్లు పెట్టి, మళ్ళీ నీ కొండెక్కుదువు గాని.

నీ
పెంకి


కొండ మీద క్వార్టర్స్
గురువారం

ఒసేయ్ పెంకీ,

రౌటర్‌కి జలుబు చేయదు, నలతగా ఉండదు. దానంతటదే ఏమీ అవదు. ఫర్మ్‌వేర్, అదే, పెట్టెను నడిపే ప్రోగ్రాం, అప్‌గ్రేడ్ చేశావు. "సెట్టింగులు ఉంచు" అనే గడిలో టిక్కు పెట్టావు, అన్నీ ఉంటాయనుకున్నావు. కాదంటే నా మీద ఒట్టేసి రాయి.

చూడు, అప్‌గ్రేడ్ అంటే ఇల్లు మొత్తం ఖాళీ చేయించి కొత్త సున్నం వేయడం. ఎవరి మంచం ఏ గోడకు వేయాలో రాసిన చీటీలు మాత్రం భద్రంగా ఉంచుతారు. అవే సెట్టింగులు. మంచాలను బయట పారేస్తారు. అవి ప్యాకేజీలు, ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాం. పెట్టెతో పాటు వచ్చినవి ఉంటాయి గాని, తర్వాత మనం తెచ్చి వేసుకున్న ప్రతి ప్యాకేజీ పోతుంది. మేడ మీద మోడెంను గుర్తుపట్టేదీ మనం వేసుకున్నదే. అందుకే నెట్ రావడం లేదు. ప్యాకేజీ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే ఆ ప్యాకేజీ కావాలి. తాళంచెవి పెట్టెలో పడేసి పెట్టెకు తాళం వేశావన్న మాట.

నువ్వు పనిచేసే కళ్ళద్దాల షాపులో నెట్ ఉంది కదా. అక్కడ కొత్త వెర్షన్‌కు సరిపోయే ప్యాకేజీలు దించుకుని, పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చి, ల్యాప్‌టాప్ నుంచి తీగ ద్వారా పెట్టెలోకి ఎక్కించు. నా సొరుగులో ఒక ఎర్ర పెన్‌డ్రైవ్ ఉంటుంది. దాని జోలికి పోకు. అందులోవన్నీ పాత వెర్షన్‌వి. పెట్టె వద్దన్నప్పుడు బలవంతం చేశావో, చస్తుంది.

అప్‌గ్రేడ్ చేయడం తప్పు కాదు. పాతదాంట్లో బెజ్జాలున్నాయి, ఎప్పటికైనా చేయాల్సిందే. చేసి నేను కాదనడమే తప్పు.

నేను రాను. ఇక్కడ రిసీవర్ విప్పి పెట్టాం. అయినా ప్రతిదానికీ నేను దిగి వస్తే, మామయ్య చెప్పేది నిజమేనని నిరూపించినట్టే. నువ్వే చెయ్యి. ఆయన ముందు తల మాత్రం దించకు.

అక్క


మూడో అంతస్తు, వెనక గది
ఆదివారం

అక్కా,

ఎర్ర పెన్‌డ్రైవ్ జోలికి పోవద్దని రాసిన నీ ఉత్తరం, ఎర్ర పెన్‌డ్రైవ్ పెట్టిన మర్నాడు అందింది. మీ జీపుకు నా దండం.

అవును, అప్‌గ్రేడ్ నేనే చేశాను. మామయ్య పేపర్లో వార్త చూపించి, "పాత వెర్షన్‌లో దొంగలు దూరుతున్నారట. మీ అక్క పోయింది, ఇక దీన్ని చూసే దిక్కెవరు?" అన్నాడు. దిక్కెవరేమిటి, నేను లేనూ? ఆయన చూస్తుండగానే నొక్కాను. ఇల్లు అలకగానే పండగ కాదని అప్పుడు తెలియదు.

ఇక పెన్‌డ్రైవ్ కథ. నీ జవాబు దాకా ఆగలేక నీ సొరుగు వెతికితే దొరికింది. పెట్టె ఒక్కొక్క ప్యాకేజీనీ చూసి ఇది నాకు సరిపడదు అంది. బలవంతంగా వేయాలా అని అడిగింది. నాకు సరిపడని చెప్పులు కూడా నేను బలవంతంగానే వేసుకుంటాను కదా. వెయ్యి అన్నాను. అంతే. లైటు వెలగడం, ఆరడం, వెలగడం, ఆరడం. తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి కళ్ళద్దాల ఫ్రేములు బిగించే సన్న స్క్రూడ్రైవర్ ఆ వెనక రీసెట్ చిల్లులో పెట్టి, పెట్టె లేచేటప్పుడు నొక్కి పట్టుకున్నాను. అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, సెట్టింగులతో సహా. అయితే ఏం ముట్టుకున్నా ముందు సెట్టింగులకు కాపీ తీసుకోమని నువ్వు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు కదా, కాపీ తీసి ఉంచాను. అది మళ్ళీ ఎక్కించాను. షాపు నుంచి సరైన ప్యాకేజీలు తెచ్చి వేశాను. మోడెం కళ్ళు తెరిచింది. నెట్ వచ్చింది!

మామయ్య ఇంటి ముందు నుంచి కావాలనే రెండుసార్లు నడిచాను.

ఇంకో వింత. రాత్రి పది దాటితే మన వెనక గదిలో నెట్ చచ్చిపోయేది కదా, "ఈ మూలకు సిగ్నల్ అందదే, టవర్ వాడి ఖర్మ" అనేదానివి. ఇప్పుడు ఆగడం లేదు! నిన్న ఎంతసేపైనా వచ్చింది. కొత్త ఫర్మ్‌వేర్ మహిమ కాబోలు.

దీపం మాత్రం ఇంకా వెలగలేదు. ఇంకా ఏమేం పోయాయో నాకు తెలియదు. పెట్టెలో ఏమేం వేశావో నీకొక్కదానికే తెలుసు. వెంటనే రాసి పంపు. మీటింగు దగ్గర పడుతోంది.

పెంకి


కొండ మీద క్వార్టర్స్
గురువారం

పెంకీ,

బలవంతం చేసి కూడా బతికించావు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు.

వేరే కాగితం మీద అన్నీ రాశాను. అట్టలక్క దీపానికి కబురు మోసేది, పైన ట్యూషన్ మాస్టారి ప్రింటర్‌ను అందరికీ అందించేది, ఎనిమిది ఇళ్ళకూ లైను సమంగా పంచేది, చివర చిన్న గడియారం ప్యాకేజీ. ఉన్నవి ఉన్నట్టు, రాసిన వరుసలో వెయ్యి. చివరిది ఎందుకని అడక్కు, అదొకటి ఉండాలి. నీ తెలివి ఉపయోగించి ఏదీ వదిలేయకు.

రాత్రిపూట నెట్ సంగతి పట్టించుకోకు. టవర్ బాగు చేసి ఉంటారు. నిద్ర మాత్రం మానుకోకు.

ఇక్కడ గాలి ఎక్కువైంది. పని బాగానే ఉంది. మిగతా సంగతులు తర్వాత రాస్తాను.

అక్క


మూడో అంతస్తు
మంగళవారం

అక్కగారికి,

నీ కాగితం అందింది. అందేలోపే నా పని చాలావరకు అయిపోయింది. మా షాపుకు అద్దాలు పగిలి, చీటీ పోగొట్టుకుని వచ్చేవాళ్ళుంటారు. పాత నంబరు ఎంతో వాళ్ళకు తెలియదు. నేను నంబరు అడగను. "ఇదివరకు ఏం కనిపించేది, ఇప్పుడేం కనిపించట్లేదు?" అని అడుగుతాను. నంబరు దానంతటదే బయటికొస్తుంది. అదే పని ఇక్కడా చేశాను. ఎనిమిది తలుపులూ తట్టి, ఇదివరకు జరిగింది ఇప్పుడేం జరగట్లేదని అడిగాను.

మాస్టారు ప్రింటర్ అన్నాడు. మామయ్య తలుపు సగమే తెరిచి, "నా క్రికెట్ ఆట మధ్యలో ఆగి గిరగిరా తిరుగుతోంది. పైవాళ్ళు ఏం దించుకుంటున్నారో ఏమో" అన్నాడు. "అది లైను సమంగా పంచే ప్యాకేజీ మామయ్యా. ఇన్నాళ్ళూ నువ్వు సుఖంగా ఆట చూసింది మా అక్క పెట్టె పుణ్యమే" అన్నాను. తలుపు మూసేశాడు. ఉన్న మాటంటే ఉలుకెక్కువ.

అట్టలక్కను అడగక్కర్లేదు గాని, ఆవిడే నన్ను కూర్చోబెట్టింది. పలక మీద, "మీటింగులో నా గురించి జాలిగా మాట్లాడకు. చచ్చేదాకా దారం కట్టుకుంటాను గాని, నాది కాని తాళం నా ఇంట్లో పెట్టనివ్వను. ఆ పెట్టె పని నాకూ నేర్పు" అని రాసింది. నేర్పుతున్నాను. దీపం ప్యాకేజీ ఆవిడ చేతే వేయించాను. పాప ఏడ్చింది, దీపం వెలిగింది. ఆవిడ దారం తెంపి నా చేతిలో పెట్టింది. నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఆ తర్వాత నీ కాగితం వచ్చింది. అన్నీ సరిపోయాయి, చివరిది తప్ప. గడియారం ప్యాకేజీ పోయిందని ఎనిమిది ఇళ్ళలో ఒక్కరూ అనలేదు. ఎవరికీ లోటు తెలియనిది ఎవరి కోసం? వేసి చూశాను. దాని కోసం నువ్వు రాసిపెట్టిన సెట్టింగు అక్కడే కాచుకుని ఉంది. రాత్రి పది కొట్టింది, నా గదిలో నెట్ ఆగింది. నా గదిలో మాత్రమే.

టవర్ వాడి ఖర్మా అక్కా?

అద్దాల షాపులో లెన్సులు అరగదీస్తూ బతుకంతా గడపడం ఇష్టం లేక, కళ్ళు పరీక్ష చేసే చదువుకు రాత్రి తరగతుల్లో చేరాను. నీకు చెప్పలేదు. పాసయ్యాక సర్టిఫికెట్ నీ ముందు పెట్టి నీ మొహం చూద్దామనుకున్నాను. క్లాసు పదింటికి మొదలయ్యేది. కొన్ని రోజులు బాగానే సాగింది, తర్వాత మొదలవగానే నెట్ పోయేది. నా గదికి సిగ్నల్ అందదని, నా రాత ఇంతేనని మానేశాను. ఆ టవర్‌ను ఎన్ని తిట్లు తిట్టానో! పాపం దానికేం తెలుసు, తాళం వేసింది నా తోబుట్టువని.

ఆ ప్యాకేజీ తీసేశాను. సెట్టింగు కూడా చెరిపేశాను. మళ్ళీ వేయను. నువ్వు వచ్చి వేసినా తీసేస్తాను. ఇక నీ సలహాలు అక్కర్లేదు.

ఇట్లు
మూడో అంతస్తు వెనక గదిలో ఉండే మనిషి


కొండ మీద క్వార్టర్స్
శుక్రవారం

పెంకీ,

గారు అంటావా నన్ను? సరే, అను. పడతాను.

అయినా నేనూ ఊరుకోను. నువ్వు పొద్దంతా లెన్సుల దగ్గర కళ్ళు చికిలించి వచ్చేదానివి. తలనొప్పి అని తలకు గుడ్డ బిగించి కట్టుకునేదానివి. అర్ధరాత్రి చూస్తే మొహం మీద ఫోన్ వెలుగు. ఎవడితోనో కబుర్లనుకున్నాను, లేదంటే పిచ్చి వీడియోలనుకున్నాను. చదువని ఒక్క ముక్క చెప్పి ఉంటే తాళం వేసేదాన్నా? నీకోసం వేరే లైను లాగేదాన్ని. నా ముందు సర్టిఫికెట్ పెట్టి మొహం చూస్తుందట! నీ పంతమే నీ చదువును సగం మింగింది.

మిగతా సగం నేను మింగాను. రెండు రోజులుగా ఇదే తిరుగుతోంది తలలో. నీ మంచికే అనుకున్నాను. మామయ్యా అంతే, బిల్డింగు మంచికే అంటాడు. అడగకుండా వేసిన తాళం కంపెనీదైనా అక్కదైనా తాళమే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని కూర్చున్నాను. కుందేలు తన్నితే తెలిసింది. బాగా తన్నావు. నొప్పిగానే ఉంది.

ఇంకోటి దాచాను, అది కూడా చెప్పేస్తాను. ఈ ఉద్యోగం పర్మనెంటు చేశారు, సంతకం పెట్టేశాను. ఇక నేను ఆ బిల్డింగుకు తిరిగి రాను. నువ్వు ఒంటరిదానివైపోతావని రాయలేకపోయాను. నీ ఉత్తరం చదివాక, ఒంటరిదాన్ని అయ్యేది నేనేనని అర్థమైంది.

కనుక ఆ పెట్టె ఇక నాది కాదు. ఏది వేయాలో, ఏది పారేయాలో నీ ఇష్టం. మీటింగులో మామయ్య అడిగేది ఒకటే: "వచ్చే అప్‌గ్రేడ్‌కు ఎవరు దిక్కు?" దానికి జవాబు నా దగ్గర లేదు. నీ దగ్గర ఉండే ఉంటుంది.

మీ అక్క


మూడో అంతస్తు, వెనక గది
మీటింగైన మర్నాడు

అక్కా,

గారు తీసేశాను. కోపం ఇంకా పూర్తిగా తీయలేదు, అది మెల్లగా పోతుంది. ఉద్యోగం సంగతి చదివి ఒక పూట అన్నం సయించలేదు. రెండో పూట తిన్నాను.

మీటింగు కింద హాల్లో జరిగింది. మామయ్య కంపెనీ కాగితాలు బల్ల మీద పేర్చి పెట్టాడు. నువ్వు రాసినట్టే అడిగాడు, అక్షరం పొల్లుపోకుండా.

"ఈసారి ఏదో గట్టెక్కావు. వచ్చే అప్‌గ్రేడ్‌కి? నువ్వూ రేపు ఎక్కడికో పోతే? ఆడపిల్లల ఆటబొమ్మ మీద ఎనిమిది ఇళ్ళు ఆధారపడాలా?"

"వచ్చే అప్‌గ్రేడ్ దాకా ఎందుకు మామయ్యా, ఇప్పుడే చూద్దాం" అన్నాను.

గోడ మీది పెట్టె దింపి బల్ల మీద ఆయన కాగితాల మీదే పెట్టాను. సెట్టింగులకు కాపీ తీశాను, ప్యాకేజీలన్నీ ముందే దించి ఉంచిన ల్యాప్‌టాప్‌కు తీగ తగిలించాను, అదే ఫర్మ్‌వేర్ మళ్ళీ ఎక్కించాను. అందరూ చూస్తుండగా ప్యాకేజీలన్నీ పోయాయి. ఫోన్లలో నెట్ ఆగింది. మాస్టారు "అయ్యయ్యో" అని లేచాడు. మామయ్య మొహం వెలిగిపోయింది.

నేను కుర్చీలోంచి లేచి పక్కకు జరిగాను. అట్టలక్క వచ్చి కూర్చుంది. వాళ్ళాయన మేడ మీద పాప దగ్గర ఉన్నాడు. దీపం తనతో తెచ్చి బల్ల మీద పెట్టుకుంది. ఏ ప్యాకేజీ ఎందుకో, ఏ వరుసలో వేయాలో, ఏది బలవంతం చేయకూడదో ఆవిడా నేనూ కలిసి రాసి, ఆవిడ చేత్తో కుట్టి నీలం అట్ట వేసిన చిన్న పుస్తకం తెరిచింది. ఒక్కొక్కటే వేసింది. మధ్యలో ఒక అక్షరం తప్పు కొట్టి, నాలుక కరుచుకుని, దిద్దుకుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. నీలాగా "జరుగు, నేను చేస్తా" అనకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలిసొచ్చింది.

అయిపోయిందని చెయ్యి పైకెత్తింది. "పనిచేస్తోందని రుజువేమిటి?" అన్నాడు మామయ్య. హాలంతా దీపం వంక చూస్తోంది. అది వెలగలేదు. వెలగడానికి పాప ఏడవాలి కదా. ఎవరో దగ్గారు. మామయ్య కంపెనీ కాగితాలు పెట్టె కింద నుంచి లాగబోయాడు.

దీపం వెలిగింది. ఆరింది, మళ్ళీ వెలిగింది. పైనుంచి ఏడుపు మాకెవరికీ వినిపించలేదు. అంతమంది చెవులున్న వాళ్ళం కూర్చున్నాం, ఆ హాల్లో ఆ సంగతి ముందు తెలిసింది ఆవిడకే. పుస్తకం మూసి, ఎవరి వంకా చూడకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

చేతులెత్తమనే పని కూడా మామయ్యకు లేకుండా పోయింది, మన పెట్టే ఉండాలని అందరివీ ముందే లేచాయి. ఆయన చెయ్యి మాత్రం లేవలేదు. తీరా అందరూ వెళ్ళిపోతుంటే నా దగ్గరికొచ్చి, "ఇంతకీ నెట్ వచ్చిందా లేదా? ఆట మొదలై అరగంటయింది" అని గొణిగాడు. "ఒక నీలం పుస్తకం నీకూ ఇవ్వనా మామయ్యా, నేర్చుకుందువు గాని" అన్నాను. తిట్టాడు గాని, తీసుకున్నాడు.

నీకూ ఒకటి పంపుతున్నాను. కొండ మీద పనికిరాదని తెలుసు, అయినా ఉంచుకో. నువ్వు వేసినవన్నీ ఉన్నాయి అందులో, ఒక్కటి తప్ప. దాని చోట ఒక పేజీ ఖాళీగా ఉంచమని అట్టలక్కకు చెప్పాను. నాకు ఏదైనా అవసరమని నీకనిపిస్తే అక్కడ రాసి పంపు, ముందు అడుగుతున్నట్టు రాయి. వేయాలో వద్దో నేను చెబుతాను.

ఇంకా రాయాలనే ఉంది గాని, గడియారం పది కొట్టబోతోంది. మళ్ళీ చేరిన క్లాసు మొదలవుతుంది.

పెంకి